దిద్దని తప్పు

కాడుగోడి స్టేషన్ ఎదురుగా, పిండిమర పైన ఉన్న గదిలో దేవదానం సారు సాయంత్రాలు ఇంగ్లీషు మాట్లాడటం నేర్పేవాడు. వైట్‌ఫీల్డ్ వైపు కొత్త ఆఫీసులు లేస్తున్న రోజులవి. కింద మర ఆడుతున్నంతసేపూ గది నేల అదురుతుండేది. రాగిపిండి మెట్లెక్కి వచ్చి నల్లబల్ల మీద పేరుకునేది.

సారు పని తప్పులు దిద్దడం. ఆ గదిలో ఎవరైనా ఇంగ్లీషు తప్పు మాట్లాడితే, అన్నది అన్నట్టే జరిగిపోయేది. క్లాసు ముగిసేలోపు దిద్దితే సర్దుకునేది. లేకపోతే ఇక అంతే. మల్లికార్జున్ వాళ్ల అత్తను 'హీ' అంటే, ఇంట్లో ఉన్న ఆవిడకు మీసాలు మొలిచాయి. సారు 'షీ' అనిపించాక రాలిపోయాయి. కిరాణా వ్యాపారి వెంకటరాయప్ప 'ఈజ్' అనబోయి "మై షాప్ వజ్ ఇన్ మార్కెట్" అన్నాడు. కాసేపటికి ఆయన భార్య వీధిలోంచి కేకేసింది.

"ఏమయ్యా, అంగడి లేదే!"

"జరిగిపోయినదానికే వజ్. చూసుకుని మాట్లాడండి" అని సారు దిద్దాడు. అంగడి వచ్చింది.

మునిలక్ష్మి మాత్రం ఈజ్‌కీ వజ్‌కీ ఎన్నడూ పొరబడలేదు. ఆమె ఒక ఆఫీసు క్యాంటీన్‌లో పనిచేసేది. రిసెప్షన్‌లో కూర్చోవాలని కోరిక. మొగుడు నాగరాజ్ టెంపో తోలేవాడు. క్లాసు వదిలే వేళకు మెట్ల కింద నిలబడి బూతులు తిట్టేవాడు. ఒకసారి పైకే వచ్చి, జుట్టు పట్టుకుని ఈడ్చుకుపోయాడు. అందరూ తల వంచుకుని పుస్తకాల్లోకి చూశారు, సారుతో సహా. ఆ పూట ఇంటికెళ్లాక ఆయనకు అన్నం సహించలేదు.

తర్వాతి వారం, ఎవరి కుటుంబం గురించి వాళ్లు చెప్పాలన్నాడు సారు. మునిలక్ష్మి లేచింది. ఎడమచేతి మీద కాలిన బొబ్బ ఉంది.

"ఐ వజ్ హావింగ్ వన్ హజ్బెండ్. ఐ యామ్ హావింగ్ వన్ డాటర్."

వెంకటరాయప్ప చటుక్కున తల తిప్పి చూశాడు.

"కూతురి దగ్గర హావింగ్ రాదమ్మా. ఐ హావ్ వన్ డాటర్" అన్నాడు సారు.

"ఐ హావ్ వన్ డాటర్" అంది శ్రద్ధగా.

"మొదటి వాక్యం మళ్లీ చెప్పు."

మళ్లీ చెప్పింది. ఈసారి 'వజ్' అన్న మాటను ఒత్తి పలికింది.

"తెలిసే అంటున్నావా?"

"తెలిసే సార్. నిన్న బిడ్డను కూడా కొట్టినాడు. దిద్దేదుంటే దిద్దండి."

ఇరవై ఏళ్లలో ఒక్క తప్పూ వదలని మనిషి దేవదానం. 'హావింగ్' ఆయన చెవిలో ముల్లులా గుచ్చుకుంటోంది. ఒకరి కాపురం ఇలా తుడిచేయడానికి తనెవరు? నాగరాజ్ ప్రాణానికేం కాదు, మొగుడు కాకుండా పోతాడు. సారు ఆమె చేతి మీది బొబ్బ వంక చూశాడు. సుద్దముక్క బల్ల మీద పెట్టేశాడు.

"సరే, కూర్చో తల్లీ."

మర ఆగింది. క్లాసు ముగిసింది. కింద ఎవరూ తిట్టడం లేదు. మునిలక్ష్మి మెడ తడుముకుంది. నల్లపూసలు లేవు. ఆమె మెట్లు దిగుతుంటే నాగరాజ్ టెంపోకి ఆనుకుని బీడీ కాలుస్తున్నాడు. ఆమెను దారిన పోయే మనిషిని చూసినట్టు చూసి, వెనకాలే వస్తున్న సారుని అడిగాడు.

"హొసకోటెకి సామానేమన్నా ఉండాదా సార్?"

మునిలక్ష్మి ఆగకుండా రోడ్డు దాటింది.

ఆ గదిలో విన్నవాళ్లకు తప్ప, వాళ్లిద్దరూ ఒకప్పుడు మొగుడూ పెళ్లాలని ఊళ్లో ఎవరికీ గుర్తు లేదు.

వానాకాలంలో ఒకనాడు నాగరాజ్ శుభ్రంగా తల దువ్వుకుని మెట్లెక్కి వచ్చాడు.

"ఆఫీసుల్లో డ్రైవర్లకి ఇంగ్లీషు కావాలంటుండారు సార్. నన్నూ చేర్చుకోండి."

మునిలక్ష్మి చేతిలో పెన్ను ఆగింది.

"ఖాళీ లేదప్పా" అన్నాడు సారు.

"అదో, బెంచీ ఖాళీగానే ఉండాదే?"

సారు నోరు తెరిచేలోపే వెంకటరాయప్ప లేచి వెళ్లి ఆ బెంచీ మీద కూర్చుని, కాళ్లు బారజాపుకున్నాడు.

"నాకు మోకాళ్ల నొప్పులు నాయనా. ఇది నాకే చాలదు."