సైకిల్ చువ్వ

అసూయ కడుపులోనే ఉండిపోతే దేవుడు దాన్ని పాపం కింద లెక్క వేస్తాడా, వెయ్యడా? ఫ్యాన్ల మేస్త్రిని మూడేళ్లుగా తొలుస్తున్న సందేహం ఇది. ఆదివారం పొద్దున దండం పెట్టుకుంటూ ఆయన మళ్లీ అదే అడిగాడు. ఆ అసూయ ఒకసారి కడుపు దాటి చేతిదాకా వచ్చిన సంగతి మాత్రం దేవుడి దగ్గర ఎత్తలేదు.

"టీచరమ్మ బల్ల ముందే జనం ఉంటారని ఇప్పట్నుంచే మొహం మాడ్చుకున్నారా?" అంది భార్య. "ఉండండి, కాఫీగిన్నె తెస్తా. మీ కడుపుమంట మీద పెడితే గ్యాసు మిగులుతుంది."

ఆయన పనిముట్ల పెట్టె అందుకున్నాడు.

గ్రంథాలయం వెనక గదిలో ప్రతి ఆదివారం నలుగురైదుగురు చేరి, జనం చెత్తలో పారెయ్యబోయే సామాన్లను ఊరికే బాగుచేసి ఇస్తారు. వస్తువు మళ్లీ పనిచేస్తే, తెచ్చినవాళ్లు గుమ్మానికి కట్టిన గంట కొట్టి వెళ్లాలి. మేస్త్రి నలభై ఏళ్లు మోటార్లకు రాగితీగ చుట్టినవాడు. తీగలు అతికే టంకం వేడికి కాలి, చేతివేళ్ల కొనలు గవ్వల్లా నున్నబడ్డాయి. వస్తువు లాక్కుని, తలెత్తకుండా పది నిమిషాల్లో చేసి అవతల పెడతాడు. బడి నుంచి రిటైరై వచ్చిన టీచరమ్మకు టంకం పెట్టడం నేర్పింది ఆయనే. ఆవిడేమో ఎవరి వస్తువు వాళ్ల చేతే విప్పించి, వాళ్ల చేతే బిగింపిస్తుంది. ఒక్కోదానికి గంట పడుతుంది. అయినా కుర్చీల వరస ఆవిడ ముందే. ఆవిడ దగ్గర్నుంచి లేచినవాళ్లు కొట్టే గంట కూడా ఎక్కువసేపు మోగుతున్నట్టే ఉంటుంది ఆయన చెవులకు.

కొన్ని సామాన్లకు మూడు మూలల గుంట ఉన్న మరలుంటాయి. వాటికోసం ఆవిడ సైకిల్ చువ్వను ఆకురాయితో అరగదీసి ఒక స్క్రూడ్రైవర్ చేసుకుని, పిడికి నీలం దారం చుట్టింది. నలుగురూ దాన్ని మెచ్చుకున్న రోజే అది ఆయన పెట్టె అడుగుకు చేరింది. ఆవిడ నెల్లాళ్లు బల్లల కింద వెతికి, అచ్చం అలాంటిదే ఇంకొకటి చేసుకుంది.

ఇవాళ ఆ రెండోదాని మొన విరిగింది. ఆవిడకెదురుగా ఇస్త్రీ చేసి బతికే మనిషి, సగం విప్పిన ఇస్త్రీపెట్టె ముందు కూర్చుని ఉంది.

"అన్నయ్యగారూ, మీ దగ్గర ఈ మరకు పట్టేదేమైనా ఉందా?" అంది టీచరమ్మ.

"లేదు." ఆ మాట దానంతటదే వచ్చేసింది.

"రేపటికి ముప్ఫై చొక్కాలున్నాయండీ," అంది ఇస్త్రీ మనిషి. ఇస్త్రీపెట్టెను పాత చీరముక్కలో చుట్టడం మొదలుపెట్టింది. "సర్లెండి. చెత్తబండిలో వేసేస్తా."

ఆ చీరముక్క రెండో మడత పడుతుండగా మేస్త్రి లేచాడు. తన పెట్టె అడుగునుంచి నీలం దారం పిడి తీసి, టీచరమ్మ అరచేతిలో పెట్టాడు.

"దొరికిందా?"

"దొరకడం కాదమ్మా. నేనే దాచాను."

ఆవిడ దాన్ని కిటికీ వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసింది. "మూడేళ్లు. ఒక్క చుక్క తుప్పు లేదు. నూనె రాస్తూనే ఉన్నారన్నమాట." మందలించినట్టు లేదు, మెచ్చుకున్నట్టూ లేదు. "పట్టండి. నా చెయ్యి వణుకుతోంది. నేను టార్చి పడతా, మీరు ఈవిడ చేత విప్పించండి."

లాక్కోకుండా చెప్పి చేయించడం ఆయనకు కొత్త. గంటంబావు పట్టింది. ఇస్త్రీ మనిషి గంట కొడితే గదంతా తలెత్తి చూసింది.

మధ్యాహ్నం బల్లలు తుడుస్తున్నప్పుడు టీచరమ్మ అంది: "వచ్చేవారం నుంచి నేను రానండి. మా చెల్లెలింటికి వెళ్లిపోతున్నా. ఈ చేతులతో ఒక్కదాన్నే ఉండలేను."

"మరి ఇది?" అంటూ ఆయన చువ్వ పట్టుకున్న చెయ్యి ముందుకు చాచాడు.

"నాతో వస్తుంది. అక్కడ మరమ్మతులు బోలెడు, మా మరిదితో మొదలుపెట్టి." నవ్వుతూ సంచిలో వేసుకుని, గుమ్మం దగ్గర గంటను ఒకసారి తట్టి వెళ్లిపోయింది.

ఆవిడ బల్ల మీద రెండో చువ్వ ఉండిపోయింది, మొన విరిగి, నీలం దారం కాస్త వదులై.