ముసురు, తుంపర, తెరిపి

నేను ఒక టేకు పలకను. పాత ఓడ విప్పుతున్నప్పుడు దాని గది తలుపులోంచి నన్ను కోసి, చిత్రిక పట్టి, ఇంత నునుపు చేసినవాడు తింగ్. విశాఖపట్నం రేవులో అందరూ అతన్ని చీనా మేస్త్రి అనేవారు. ఓడ వడ్రంగిగా వచ్చి, జాలరిపేట నూకాలమ్మను చేసుకుని, మళ్లీ ఓడెక్కలేదు.

తింగ్ పూర్వీకుల ఊళ్లో వానలు లేక జనం చచ్చిపోయేవారట. అందుకని ఆ ఇంట పుట్టిన ప్రతి బిడ్డ పేరులోనూ వాన ఉండి తీరాలి. పైన ఒక కప్పు, దాని కింద నాలుగు చుక్కలు: వాన గుర్తు అదీ. దాని అడుగున ఏం రాస్తే ఆ రకం వాన. పెద్దకొడుకు పుట్టగానే నా మీద ‘లిన్’ అని ఉబ్బెత్తుగా చెక్కాడు. రోజుల తరబడి విడవని వాన అని దాని అర్థం. తర్వాత పుట్టిన ఆడపిల్ల ‘ము’, సన్నగా రాలే వాన. చివరిపిల్ల ‘జీ’ అంటే వాన వెలిసి ఆకాశం తేటపడడం. చైనావాళ్లే ఎప్పుడో తప్ప రాయని అక్షరాలవి. అర్థాలు విని నూకాలమ్మ నవ్వేసింది.

“ఓస్, ఇంతేనా! ముసురు, తుంపర, తెరిపి. మాకూ ఉన్నాయి కాదేటి?”

వీధిలో పిల్లలకు ఆ పేర్లే స్థిరపడ్డాయి. నేను గుమ్మం పైకెక్కాను.

చైనాతో యుద్ధం వచ్చింది. పోలీసులు తింగ్‌ను జీపెక్కించి, నన్నూ ఊడబెరికారు.

“ఏంటీ రాత? ఎవరికి సంకేతం?” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

“వానండి బాబూ. నా గుంటల పేర్లండి,” అంది నూకాలమ్మ.

“పిల్లలకి వానని పేరెవడు పెడతాడే?”

ఆయన పేరు మేఘనాథం.

తింగ్‌ను రాజస్థాన్ ఎడారి వైపు క్యాంపుకు పంపారు. నేను స్టేషన్ కొట్లో విరిగిన సైకిళ్ల మధ్య పడి ఉన్నాను. నూకాలమ్మ చేపలగంప మెట్ల మీద దించి, వచ్చి అడిగేది.

“మనిషినెలాగూ ఇవ్వరు. మా మావ సెక్కిందైనా ఇచ్చీండి బాబూ.”

అడిగి అడిగి వాళ్లని విసిగించి తీసుకెళ్లింది. మళ్లీ గుమ్మం పైనే బిగించింది. వద్దని చెప్పేవాళ్లు ఎవరూ లేకపోయారు. ‘చీనావోడు’ అంటూ బడి నుంచి లిన్‌ను తరుముకొచ్చిన కుర్రాళ్లు ఒకనాడు నా మీద రాళ్లు రువ్వారు. ఒకటి గుమ్మంలో నిలబడ్డ ‘ము’ నుదుటికి తగిలింది. చెల్లెలి నెత్తురు చూసి లిన్ తన తండ్రి ఉలిని బయటికి తీశాడు. నన్ను దించి, అడుగు నుంచి చెక్కేస్తూ వచ్చాడు. ఏడుస్తూనే చెక్కాడు. నూకాలమ్మ పరుగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకునేసరికి అక్షరాల పై సగమే మిగిలింది. పక్కపక్కన మూడు కప్పులు, నాలుగేసి చుక్కలు.

“ఓలమ్మో, వానొక్కటే మిగిల్సినావురా! నా గుంటలేరీ?”

కొడుకును కొట్టలేదు. నేల మీది చెక్కపేళ్లు కొంగులోకి ఎత్తుకుంది.

క్యాంపులో తింగ్ పక్కన పడుకున్న కలకత్తా చీనా చెప్పుల మేస్త్రి ఒకాయన విడుదలయ్యాక వచ్చి కబురు చెప్పాడు. తింగ్‌ను ఓడెక్కించి చైనా పంపేశారు. పెళ్లాం పిల్లలున్నారని మొత్తుకున్నా వినలేదట. ఆ తర్వాత ఏ కబురూ లేదు.

లిన్ కూడా రేవులో వడ్రంగే అయ్యాడు. ఏళ్లు గడిచి నూకాలమ్మ మంచాన పడ్డాక, ఏమనుకున్నాడో, సింగపూర్ ఓడలోని చీనా వంటవాణ్ణి ఇంటికి పిలుచుకొచ్చాడు. అతను నన్ను చూసి తెల్లబోయాడు. వాన గుర్తు కింద మంచూ రాయొచ్చట, మెరుపూ రాయొచ్చట, ఇంకా ఎన్నో రాయొచ్చట. ఏది కావాలి? నూకాలమ్మ మంచం మీంచి అర్థాలు చెబుతుంటే లిన్ వచ్చీరాని ఇంగ్లీషులో అందించాడు. వంటవాడు ముసురును సుద్దతో చకచకా గీశాడు. తెరిపిని తడుముకుంటూ గీశాడు. తుంపర దగ్గర ఆగిపోయాడు. అది పాత కవిత్వంలో మాటట. తను అంత చదవలేదట. తల వంచి నమస్కరించి వెళ్లిపోయాడు.

లిన్ ఆ రెంటినీ చెక్కాడు. నా ఒళ్లు పలచబడిపోయింది కనుక ఈసారి గాడిలా లోపలికి చెక్కాడు. నడుమ ఖాళీ చూపించి చెల్లెల్ని అడిగాడు.

“నీకూ ఏదోటి సెక్కీమంటావేటే?”

ము అప్పటికి మనవల్ని ఎత్తింది.

“వొద్దన్నియ్యా. ఏదోటి సెక్కీస్తే, నాన్నొచ్చి ఇదెవుల్దీ అంటాడు. ఖాళీగా వొగ్గీ. సూడగానే నాదని తెలుస్తాది.”

తింగ్ బతికుంటే ఎనభై దాటి ఉండాలి. లిన్ ఉలి తుడిచి సంచిలో పెట్టి, నన్ను రేవు వైపు తిప్పి బిగించాడు.