ఆయ్ అన్నారు కదండీ

దోహాలో పద్నాలుగేళ్లు బస్సులు నడిపించి వచ్చిన మనిషికి కొత్తపేట నుంచి నరసాపురానికి ఇరవై ఆరుగురిని తీసుకెళ్లడం ఒక పనా? మాణిక్యాలరావు అలాగే అనుకున్నాడు. గమనించాలి, ఆయన బస్సులు నడపలేదు, నడిపించాడు. ఆ తేడా తెలియనివాళ్లు ఎవరైనా "అక్కడ డ్రైవరుగా చేసేవారంటగా" అంటే ఆ పూటకి వాళ్లతో మాట మానేసేవాడు. ఏ బస్సు ఏ కూలీల క్యాంపు ముందు ఎన్నింటికి ఆగాలి, ఎవరిని ఎక్కించుకోవాలి, ఎక్కడ దింపాలి అన్నదంతా ఆయన నోటి మాట మీద జరిగేది. ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు జరిగిన ఏడాది నెల్లాళ్లపాటు స్టేడియాలకి జనాన్ని చేరవేసింది కూడా ఆయన కింద ఉన్న బస్సులే.

మరి ఆటలు చూశారా అని అడిగితే మాత్రం కాస్త తగ్గేవాడు. ఒక్కటి కూడా చూడలేదు. పార్కింగులో నిలబడితే లోపల్నుంచి అరుపు వినిపించేది. అది గోలు పడినందుకో తప్పినందుకో కూడా తెలిసేది కాదు. జనం బయటికొచ్చేసరికి బస్సులు వరసలో ఉండాలి. ఆయన ఆట అక్కడితో సరి.

కన్నకొడుకు ఆటా అంతే అయింది. సత్యదుర్గారావు, ఇంట్లో సత్తిబాబు, కొత్తపేట జట్టుకి గోల్‌కీపరు. పదో తరగతి నుంచి డిగ్రీ అయ్యేదాకా వాడు ఆడిన ప్రతి ఆటా తండ్రికి ఫోనులో రెండు నిమిషాల ముక్కగా చేరేది. అందులో సగం తీసేవాడి వేలే కనిపించేది. ఈ వేసవిలో ఉద్యోగం వదులుకుని ఇంటికొచ్చేశాక మాణిక్యాలరావు పెద్ద పెద్ద కోరికలేం పెట్టుకోలేదు. వాడు గోలు ముందు నిలబడి బంతి పట్టడం ఒక్కసారి కళ్లారా చూడాలి, అంతే. అదృష్టం ఎంత బాగుందంటే జట్టు ఏకంగా ఫైనలుకి వెళ్లింది. ఆదివారం సాయంత్రం నాలుగున్నరకి, నరసాపురంలో, నరసాపురం జట్టు మీదే.

తనొక్కడే బస్సెక్కి వెళ్లి ఓ మూల కూర్చుంటే సరిపోయేది. కానీ ఎరువుల కొట్టు బుల్లిరాజు వచ్చాడు. జట్టు అభిమానుల సంఘానికి అతనే అధ్యక్షుడు. సంఘంలో సభ్యులందరికీ ఫుట్‌బాల్ తెలుసని చెప్పలేం గానీ దాహం మాత్రం అందరికీ తెలుసు.

"అవతలి గట్టు వాళ్లదండి, గ్రౌండు వాళ్లది, కేకలూ వాళ్లవే. మనోళ్లు పాతికమందైనా లేకపోతే కుర్రాళ్లు బెదిరిపోతారండి," అన్నాడు బుల్లిరాజు. "కాకపోతే ఒకటండి. మందు లేని ఆటకి మనోళ్లు గడప దాటరండి. ఎక్కడ ఆగాలి, ఎలా ఎళ్లాలి అన్నది మీలాంటోరు చూస్తేనే కుదురుద్దండి."

పొగడ్తకి పడనివాడు ఎవడు? మందు ముట్టని మనిషికి మందు పెత్తనం అలా వచ్చింది.

మాణిక్యాలరావు రూళ్ల కాగితం తీసుకుని గళ్లు గీశాడు. ఆటగాళ్లు ఉదయమే వ్యానులో చించినాడ వంతెన మీంచి వెళ్తారు. అభిమానులు అద్దె బస్సులో పి.గన్నవరం మీదుగా రాజోలు, అక్కడ బారులో పదకొండున్నర నుంచి ఒంటిగంట దాకా, కోడి వేపుడుతో సహా. రెండింటికి సఖినేటిపల్లి రేవు. రేవు దగ్గర వైన్ షాపు, గంటంబావు. మూడున్నరకి పంటు. మనుషుల్నీ మోటారు సైకిళ్లనీ కార్లనీ కలిపి గోదావరి దాటించే ఆ పంటు దిగితే నరసాపురమే. అక్కడ నాలుగు ఆటోలు సిద్ధంగా ఉంటాయి. నాలుగింటికి గ్రౌండులో సీట్లు. ఆట అయ్యాక గెలిస్తే ఒక బారు, ఓడితే ఇంకాస్త దగ్గరి బారు.

"ఏవండీ, మీరు ఎళ్లేది ఆటకా, తాగుడుకా?" అని అడిగింది భార్య పుష్పలత, ఆ కాగితం చూసి.

"మధ్యలో ఆట కూడా పెట్టేను, చూడు," అన్నాడాయన.

ఇక ఫోన్లు మొదలయ్యాయి. దోహా నుంచి తెచ్చుకున్న చిన్న యంత్రం చెవిలో పెట్టుకుని, చేతులు వెనక్కి కట్టుకుని, అరుగు మీద ఆ చివరి నుంచి ఈ చివరికి తిరుగుతూ మాట్లాడేవాడు. చూసేవాళ్లకి ఆయన తనలో తను మాట్లాడుకుంటున్నట్టు ఉండేది. పది గంటలకల్లా బస్సు ఇంటి ముందుండాలని డ్రైవరుకి చెప్పాడు. "ఆయ్," అన్నాడు డ్రైవరు. ముప్పై మందికి హాలు ఖాళీగా ఉంచాలని బారు మేనేజరుకి చెప్పాడు. "ఆయ్," అన్నాడు మేనేజరు. మూడున్నరకి పంటు ఉంటుందా అని రేవులో టిక్కెట్లు కోసే అతన్ని అడిగాడు. "ఆయ్, ఉంటదండి," అన్నాడతను, ఎంతో మర్యాదగా. అవతలి గట్టున ఆటోల అతనూ "ఆయ్" అన్నాడు. ఒక్కో ఆయ్‌కీ కాగితం మీద ఒక్కో టిక్కు పడింది. దోహాలో ఇలా కాదు. అక్కడ నాలుగు దేశాలవాళ్లతో నాలుగుసార్లు చెప్పించుకుంటే గానీ పని అయ్యేది కాదు. మనవాళ్లు ఎంత మంచివాళ్లో, ఎవరి నోటా కాదన్న మాటే లేదు అని ఆయనకి కళ్లు చెమర్చినంత పనైంది.

శుక్రవారం పొద్దున్న అలాగే తిరుగుతుంటే సత్తిబాబు సంచి భుజాన వేసుకుని బయటికొచ్చాడు. ఆదివారం దాకా అమలాపురంలో జట్టుకి శిక్షణ, ఫోన్లన్నీ కోచ్ తీసేసుకుంటాడు. చెప్పులేసుకుంటూ వాడు తండ్రితో ఏదో అన్నాడు. అదే సమయానికి చెవిలో బారు మేనేజరు కోడి వేపుడులో ఎముక ఉండాలా వద్దా అని అడుగుతున్నాడు. "ఆయ్, ఆయ్," అన్నాడు మాణిక్యాలరావు. సత్తిబాబు తండ్రి వంక కాస్త వింతగా చూసి, నవ్వి, వెళ్లిపోయాడు. వాడు నవ్వడం ఆయనకి బాగా నచ్చింది.

శనివారం అభిమానుల వాట్సాప్ గ్రూపులో ఆ ప్రణాళిక పెట్టి, ఇక తను తప్ప ఎవరూ అందులో రాయకుండా బిగించేశాడు. గుడ్ మార్నింగులూ, పువ్వుల బొమ్మలూ పెట్టి అసలు విషయం మరుగున పడేస్తారని ఆయన భయం.

ఆదివారం పది అయింది, బస్సు లేదు. పదిన్నర అయింది. పదకొండుకి పది నిమిషాలుందనగా వచ్చింది.

"పదింటికన్నాను కదయ్యా," అన్నాడు మాణిక్యాలరావు.

"ఆయ్, పదింటికే బయల్దేరేనండి. దారిలో మా బావగారు కనపడి కాఫీ తాగి ఎళ్లమన్నారండి. కాదంటే బాగోదు కదండి," అన్నాడు డ్రైవరు.

కాదంటే బాగోదు. నిజమే. రాజోలు బారులో హాలు ఖాళీగానే ఉంది, ఎంత ఖాళీగా ఉందంటే వంటవాడు కూడా లేడు. కోడి వేపుడు గురించి అడిగితే "ఆయ్, ఇప్పుడే మనిషిని పంపుతామండి" అన్నాడు మేనేజరు. కోడి దొరికి, కోసి, వేగి బల్ల మీదికి వచ్చేసరికి సంఘసభ్యులు రెండో విడత ముగించి మూడో విడత మొదలుపెట్టారు. మాణిక్యాలరావు చేతి గడియారం, తలుపు, చేతి గడియారం చూస్తూ నిలబడ్డాడు. ఆయన పక్కన సోడా తాగుతూ కూర్చున్నది ఒక్క ఏసుదాసు మాస్టారే. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి, సత్తిబాబుకీ చెప్పాడు. ఆట చూడ్డానికే వచ్చిన రెండోవాడు ఆయన.

"అందరూ ఆయ్ అన్నారండి మాస్టారూ. ఒక్కడూ కుదరదనలేదండి," అన్నాడు మాణిక్యాలరావు.

"మీరు చాలాకాలం బయటున్నారు కదండి, మరిచిపోయేరు," అన్నాడు ఏసుదాసు. "మన దగ్గర ఆయ్ అంటే ఒప్పుకున్నామని కాదండి. మీ మాట చెవిన పడిందని. నలభై ఏళ్లు పిల్లలకి లెక్కలు చెప్పేను. అర్థమైందా అంటే క్లాసంతా ఆయ్ అనేది. పేపర్లు దిద్దినప్పుడు తెలిసేదండి ఆ ఆయ్ ఏంటో."

మాణిక్యాలరావు కాగితం వంక చూసుకున్నాడు. అన్నీ టిక్కులే.

సఖినేటిపల్లి రేవుకి చేరేసరికి మూడుంబావు. వైన్ షాపు దగ్గర ఆగడానికి వీల్లేదని ఆయన, ఆగకపోతే దిగేది లేదని సభ్యులు. చివరికి ఆగారు. తాగించి తీసుకొచ్చినవాడే తాగొద్దంటే ఎవడు వింటాడు? వాళ్లని గొర్రెల మందలా తోలుకుని మూడున్నరకి సరిగ్గా రేవులో దిగాడు. నీళ్లున్నాయి, మెట్లున్నాయి, పంటు లేదు.

"మూడున్నరకి పంటు ఉంటదన్నారు కదండీ," అన్నాడు టిక్కెట్లతనితో.

"ఆయ్, ఉందండి," అన్నాడతను. గోదావరికి అవతల చీమంత కనిపిస్తున్నదాన్ని వేలుపెట్టి చూపించాడు. "అదిగోనండి."

"అక్కడుంటే మాకెందుకయ్యా?"

"ఉంటదా అని అడిగేరండి, ఉంది. ఈ గట్టునుంటదా అని అడగలేదు కదండీ. అక్కడ నిండితే వస్తదండి, ఇక్కడ నిండితే ఎళ్తది. దానికి టైమేంటండి."

బుల్లిరాజు మెట్ల మీద కూర్చుని, గాలి బాగుందన్నాడు. ఇంకో ఇద్దరు కూడా గాలి బాగుందని ఒప్పుకున్నారు. మాణిక్యాలరావుకి ఒళ్లు మండిపోయింది. కప్పు జరిగిన నెలలో ఒక్క బస్సు ఏడు నిమిషాలు ఆలస్యమైతే కంపెనీ సంజాయిషీ రాయించుకుంది. ఇక్కడ గోదావరికే టైము లేదంటున్నారు. ఏంచేయగలడు? ఒక కారు, రెండు కొబ్బరికాయల ఆటోలు, ఒక పెళ్లివారి వ్యాను ఎక్కిన తర్వాత, నాలుగుంబావుకి పంటు కదిలింది. పరవాలేదు, పావుగంట పోతే పోయిందని తనకి తను చెప్పుకున్నాడు. కీపరుకి మొదటి పావుగంటలో పెద్దగా పని ఉండదు.

నాలుగు ఆటోలకి ఒకటే ఉంది. మిగతా మూడూ ఆయ్ అన్న చోటే ఉన్నాయి కాబోలు. మాణిక్యాలరావు ఏసుదాసు మాస్టార్ని ఎక్కించి, తను డ్రైవరు పక్కన సగం సీటు మీద కూర్చుని, సంఘాన్ని సంఘానికే వదిలేశాడు. జీవితంలో మొదటిసారి ప్రయాణికుల్ని లెక్కపెట్టకుండా బండి కదిలించమన్నాడు.

గ్రౌండు గోడ కనిపించేసరికి అయిదుకి పది నిమిషాలుంది. లోపల జనం హోరెత్తిపోతున్నారు. మొదలై ఇరవై నిమిషాలే కదా, ఇంత ఊపేమిటి అనుకుంటూ ఆటో ఆగకముందే దిగాడు. గేటు వైపు నాలుగు అడుగులు వేశాడో లేదో ఆ హోరు ఉన్నట్టుండి ఆగిపోయింది. దీపం ఆర్పినట్టు ఊరు ఊరంతా నోరు మూసుకుంది. ఆ నిశ్శబ్దంలో పదిమంది కుర్రాళ్ల కేకలు మాత్రం వినిపించాయి.

దోహాలో అరుపులకి అర్థం తెలిసేది కాదు. ఈ నిశ్శబ్దం ఆయనకి అంతకంటే అర్థం కాలేదు. ఎదురుగా జనం బయటికి రావడం మొదలైంది. అలవాటు చొప్పున ఆయన పక్కకి తప్పుకుని వాళ్లకి దారి ఇచ్చాడు.

"అయిపోయిందాండీ?" అని అడిగాడు ఏసుదాసు ఎవర్నో.

"ఇప్పుడేనండి. పెనాల్టీల దాకా వచ్చింది. ఆఖరిది కొత్తపేట కీపరు పట్టేసేడండి. ఏం పట్టేడండి బాబూ, మావోళ్లు కొట్టింది మామూలు దెబ్బ కాదండి," అన్నాడు ఆ నరసాపురం ఆయన, ఓడిపోయినా మర్యాద తప్పకుండా.

మాణిక్యాలరావు లోపలికి వెళ్లేసరికి గోలు ముందు ఎవరూ లేరు. సత్తిబాబు జట్టు మధ్యలోంచి తప్పించుకుని ఎదురొచ్చాడు. మొహమంతా వెలుగు.

"ఎక్కడ కూర్చున్నారు నాన్నా? అంతా వెతికేను."

"ఆట నాలుగున్నరకి కదరా?"

"మూడింటికి మార్చేరు కదండీ. ముఖ్య అతిథిగారికి పెళ్లుందంట. శుక్రవారం ఎళ్తా ఎళ్తా చెప్పేను కదా, గ్రూపులో అందరికీ పెట్టమని. మీరు ఆయ్ అన్నారు కదండీ." వాడి గొంతులో నిష్ఠూరం లేదు, అదే ఆయన్ని కోసేసింది. "నాకెప్పుడూ ఊఁ అంటారు. ఆ రోజు ఆయ్ అన్నారేంటా అనుకున్నాను. పెద్దోణ్ణయ్యేను కదా, గౌరవం ఇచ్చేరనుకున్నాను."

మాణిక్యాలరావు చెయ్యి దానంతట అదే చెవి దగ్గరికి వెళ్లింది. యంత్రం ఇంకా అక్కడే ఉంది. తీసి జేబులో వేసుకున్నాడు. నిజం చెప్పేస్తే పోయేది. కానీ ఏడేళ్లుగా ఈ ఒక్క రోజు కోసం ఎదురుచూసిన మొహం అది, దాన్ని చూస్తూ చెప్పలేకపోయాడు.

"ముందుది తప్పిపోయింది గానీ ఆఖరిది చూసేన్రా," అన్నాడు. "గేటు కాడ నిలబడి చూసేను. ఏం దూకేవురా, కుడిపక్కకి."

అనేశాక కొడుకు బనీను చూశాడు. ఎడమ భుజం నుంచి నడుం దాకా మట్టి కొట్టుకుపోయి ఉంది. కుడివైపు శుభ్రంగా ఉంది.

సత్తిబాబు కూడా ఒకసారి తన బనీను వంక చూసుకున్నాడు. తర్వాత తండ్రి వంక చూశాడు. చేతి తొడుగులు నెమ్మదిగా విప్పుకున్నాడు.

"ఆయ్," అన్నాడు.