గుమ్మంలో అమ్మ

గ్లాసులో నీళ్ళు వణికాయి.

ఒక్క వలయం. దాని వెనక ఇంకొకటి. తర్వాత ఏమీ లేదు...

దామిర్ స్నానాల గది తలుపు గట్టిగా వేశాడు, అంతే. అప్పటికే అతని భార్య నెవెంకా వంటింటి గుమ్మంలో ఉంది — లావాటి ఓక్ దూలం కింద, రెండు చేతులూ చట్రానికి ఆనించి.

"తలుపు వేయొద్దని ఎన్నిసార్లు చెప్పాలి నీకు? బిగుసుకుపోతే?"

"స్నానం చేసేవాడు తలుపు తీసి పెట్టుకుంటాడా?" లోపలి నుంచి దామిర్. "పెరట్లో అక్రోటు చెట్టు కింద చేయమంటావా, చెప్పు."

"కనీసం గడియ పెట్టకు."

"పెట్టేశాను. ఏం చేస్తావు?"

అత్తగారు ష్తెఫిత్సా అక్రోటుకాయలు కొడుతూ తల ఎత్తలేదు. "భూకంపం ఎప్పుడో వెళ్ళిపోయింది. నా కోడలు మాత్రం గుమ్మంలోనే కాపురం పెట్టింది."

వాళ్ళ ఊరు పెట్రిన్యాలో భూమి కదిలిన రోజు అందరూ చేసిన పనే నెవెంకా చేసింది. గుమ్మంలో నిలబడింది. పైకప్పు కూలినా గుమ్మం నిలుస్తుందని చిన్నప్పుడు బడిలో చెప్పారు.

నిలిచింది.

తర్వాత గోడలు బాగు చేశారు. పొగగొట్టం మళ్ళీ కట్టారు. ఊళ్ళో అందరూ గుమ్మాలు వదిలారు.

నెవెంకా వదలలేదు.

కాఫీ అక్కడే. బంగాళాదుంపల చెక్కు తీయడం అక్కడే. అన్నం వేళకు కంచం చేత్తో పట్టుకుని, నిలబడి... అక్కడే.

నది మీంచి పొగమంచు వస్తుంది. కొట్టం రేకు మీద అక్రోటుకాయ రాలుతుంది.

కాయ రాలుతుంది — ఆమె అడుగు గుమ్మంలో పడుతుంది.

భయం తనది కాదనుకుంది. పిల్లదనుకుంది. కూతురు యాగోదా ఈ ఏడే బడిలో చేరింది. పక్క తడుపుతోంది. పైకప్పు లేని ఇళ్ళు గీస్తోంది. అందుకే శనివారం బడి వెనకున్న రేకుల గదికి తీసుకెళ్ళింది. అక్కడ బ్రాంకా అనే ఆవిడ భయపడినవాళ్ళ చేత బొమ్మలు వేయిస్తుంది. పిల్లల చేతా, పెద్దల చేతా.

బొమ్మ బాగుందని అనదు. దీని అర్థం ఇదీ అని చెప్పదు. వేసినవాళ్ళనే అడుగుతుంది.

"మీ ఇంట్లో భయం లేని చోటు ఏది? దానికి నీకిష్టమైన రంగు వేయి."

యాగోదా గుమ్మానికి పసుపు వేసింది. అందులో అమ్మ — ఈ అంచు నుంచి ఆ అంచు దాకా. ఎక్కడో దూరంగా చిన్న బల్ల. బల్ల దగ్గర నాన్న, నానమ్మ, తను. వాళ్ళ నెత్తిన నలుపు. కాగితం చిరిగేదాకా నలుపు.

"పసుపు చోటు ఎవరిది?"

"అమ్మది."

"నువ్వు వెళ్ళవా?"

"పట్టను. అమ్మే సరిపోయింది."

నెవెంకా వంగి బొమ్మలోకి చూసింది.

"అమ్మ నిలబడితే పైకప్పు వైపు చూస్తాను," అంది యాగోదా, నల్లటి వేళ్ళు గౌనుకు తుడుచుకుంటూ. "కూర్చుంటే చూడను. కానీ కూర్చోదుగా."

భూమి కదిలిన నాటికి యాగోదా చంటిపిల్ల. ఆ రోజు దానికి గుర్తే లేదు.

మరి ఈ నలుపు ఎక్కడిది?

బ్రాంకా ఇంకో కాగితం, ఒక బొగ్గుముక్క నెవెంకా వైపు జరిపింది.

"నాకు బొమ్మలు రావండి."

"ఇక్కడికొచ్చే ఎవరికీ రావు."

నెవెంకా చేతులు చంకల్లో దాచుకుంది. "పొయ్యి మీద సూప్..." అంది.

పొయ్యి మీద ఏమీ లేదు.

ఆదివారం మాత్రం ఉంది. సేమ్యా వేసిన కోడి సూప్. దామిర్ అలవాటుగా భార్య కంచం గుమ్మానికి తెచ్చి ఇచ్చాడు. ఆమె దాన్ని పట్టుకుని నడిచింది. బల్ల దాకా. కుర్చీ అంచున కూర్చుంది.

ష్తెఫిత్సా చెంచా ఆగింది. "ఇవాళ ఎవరో కొత్త చుట్టాలొచ్చినట్టున్నారే."

"ఉండమ్మా," అన్నాడు దామిర్, చాలా మెల్లగా.

"వచ్చే శనివారం నేనూ వేస్తాను," అంది నెవెంకా. "ఆ నలుపు నాది, అత్తయ్యా. నేనే వేయాలి."

యాగోదా తినడం లేదు. అమ్మ మోకాళ్ళనే చూస్తోంది — లేస్తాయేమోనని.

బయట దుంగల లారీ వెళుతోంది. లారీయే కాబోలు...

నెవెంకా రెండు చేతులతో కుర్చీని పట్టుకుంది.

గ్లాసులో ఒక్క వలయం. దాని వెనక ఇంకొకటి.

దాని వెనక...