రాతి మీద ఆఖరి వరస

త్రినాధరావు మేస్టారు ముప్పై ఏళ్లు సోషల్ చెప్పి రిటైరయ్యాడు గానీ, ఆయన నోరు మాత్రం రిటైరవలేదు. 2004లో చీడికాడ దగ్గరున్న వాళ్ల ఊరికి కొండ మీది ఊటనీళ్లు పైపుల్లో దిగాయి. ఆ ఊట ఎక్కడుందో చూపించింది మేకలు కాసుకునే మరిడమ్మ. ట్యాంకు దగ్గర పెట్టే శిలాఫలకానికి రాత రాసే పని మేస్టారి మీద పడింది.

ఇంకేం, మరిడమ్మని అరుగు మీద కూర్చోబెట్టి రోము నగరం కథ ఎత్తుకున్నాడు.

"రెండు వేల మూడొందల ఏళ్ల కిందట అక్కడ అప్పియస్ అని ఓ పెద్ద అధికారి. రోడ్డు ఏయించేడు, ఊళ్లోకి నీళ్లు తెచ్చేడు. ఊటలు కనిపెట్టింది మాత్రం అతగాడి జోడీ అధికారి ప్లౌటియస్. తనతోపాటు అప్పియస్ కూడా దిగిపోతాడని నమ్మి ఆ వెర్రిబాగులోడు పదవి ఒదిలేసేడు. అప్పియస్ ఒదల్లేదు. పని పూర్తి చేసి, కాలవకి తన పేరొక్కటే పెట్టేసుకున్నాడు."

"అయ్యయ్యో! ఆ బాబు ఏటి పాపం సేసేడు?" మరిడమ్మ నిజంగానే బాధపడిపోయింది.

"అందుకే నీ పేరు రాతి మీద నేనెక్కిస్తాను. పూచీ నాది."

ఆ మాట మరిడమ్మ ఊరందరికీ చెప్పుకుంది, మేకలకి కూడా చెప్పుకుంది.

అనకాపల్లిలో రాయి చెక్కే ఎర్రయ్య కొట్టు దగ్గర సర్పంచి సన్యాసిరావు మేస్టారు రాసిన కాగితం చూసి మొహం చిట్లించాడు.

"మేకల ముసిల్దాని పేరేటి మేస్టారూ! పై ఊరోళ్లు నవ్వుతారు. ఒక్క వరసే మిగిలింది. రచన అని మీ పేరెట్టించుకోండి."

శ్రీరంగనీతులు ఎవరైనా చెబుతారు. మేస్టారు కాదనడానికే నోరు తెరిచాడు. తన పేరు రాతి మీద ఎలా ఉంటుందో ఒక్కసారి ఊహించుకున్నాడు, అంతే, ఊరుకున్నాడు. ఎర్రయ్య ఉలి అందుకున్నాడు.

ప్రారంభోత్సవం అయిపోయి పెద్దలంతా కార్లెక్కాక, పసుపు కుంకుమల పొట్లంతో మరిడమ్మ రాయి ముందుకొచ్చింది. ఆమెకి చదువు రాదు.

"నా పేరు ఎక్కడున్నాది బాబూ?"

నిజం చెబితే ముసల్ది తట్టుకోలేదని మేస్టారు తనకి తాను సర్దిచెప్పుకున్నాడు. భయమంతా తన పరువు గురించే. ఆమె వేలు పట్టుకుని ఆఖరి వరస మీద పెట్టాడు.

"ఇక్కడ."

మరిడమ్మ ఆ అక్షరాలకి పసుపు రాసి బొట్లు పెట్టింది. ఒక్కొక్కటీ తడిమి చూసుకుంది.

"నా పేరు ఇంత పొడుగున్నాదా బాబూ!" అని మురిసిపోయి, అతని కాళ్లకి దండం పెట్టింది.