రెండంగుళాలు తక్కువైన టేపు

వయసు యాభై రెండు దాటినా, వీధిలో సగం మంది ఆడవాళ్ళ కోట్లూ గౌన్లూ తన చేతి మీదే నడుస్తున్నా, అక్క నోట ఆమె ఇప్పటికీ చిట్టే. చిట్టిది కుట్టు, అక్కది అల్లిక. కింద దుకాణం, వెనక గదిలో చిట్టి, మేడ మీద అక్కా బావా. ఏడాది ఆఖరి వారంలో ఒక మధ్యాహ్నం అక్కచెల్లెళ్ళిద్దరూ బల్ల దగ్గర కూర్చుని వచ్చే ఏడాది పనులన్నీ ఒక నోటుబుక్కులో రాసుకుంటారు. ఎడమ పేజీలో అక్క అల్లికలు, కుడి పేజీలో చిట్టి కుట్లు. ఏ నెలలో ఏ ఊలు, ఏ గుడ్డ, ఎవరికి అన్నీ వివరంగా. రాసినవాటిలో సగం కూడా పూర్తయిన పాపాన పోలేదు. మిగిలిపోయినవి సిగ్గూ ఎగ్గూ లేకుండా మరుసటి ఏటి పేజీలోకి ఎక్కేవి. బావకు అల్లుతానన్న గళ్ళ మేజోళ్ళు అలా పదకొండేళ్ళుగా పేజీలు మారుతున్నాయి. "ఈసారైనా నా కాళ్ళకు మోక్షం ఉందా?" అని బావ ఏటా అడిగేవాడు, టీ కప్పులు అక్కడ పెట్టి వెళ్ళిపోయేవాడు.

రాతకు ముందు కొలత. చేతుల పొడవూ భుజాలూ మారేవి కావు కాబట్టి పాతవే ఉంచేవారు. అవి ఇద్దరివీ ఒకటే, చిన్నప్పటి నుంచీ ఒకరి బట్టలు ఒకరు వేసుకుని పెరిగినవాళ్ళే. ఛాతీ ఒక్కటి ఏటా కొలిచేవారు, అదీ అమ్మ టేపుతోనే. ఆ టేపు మొదట్లో రెండంగుళాలు ఎప్పుడో ఇస్త్రీపెట్టె కింద కాలిపోయాయి. ఎంత చూపిస్తే అందులోంచి రెండు తీసెయ్యాలి. దుకాణంలో కొత్త టేపులు అరడజను వేలాడుతున్నా ఈ పనికి అవి పనికిరావు. ఒకసారి పక్కవాటా ఆవిడ సంగతి తెలియక ఈ టేపుతో కిటికీలు కొలుచుకుని తెరలు కొనుక్కొచ్చింది. ఆ తెరలు ఏడాది పొడుగునా నేల ఊడ్చాయి. అక్కచెల్లెళ్ళు మాత్రం ఏనాడూ పొరబడలేదు. కొలిచేవాళ్ళు కనిపించిన అంకెనే పైకి చెప్పాలి, రాసేవాళ్ళు రెండు తీసేసి రాయాలి. అదీ వాళ్ళ పద్ధతి. కొలిచేది చిట్టి, రాసేది అక్క.

ఈ ఏడు అక్క రాయలేకపోయింది. ఎనిమిది నెలలుగా ఎక్కిస్తున్న మందులకు వేళ్ళు మొద్దుబారిపోయాయి. అల్లిక సూదులు ఎప్పుడో బుట్టలోకి వెళ్ళిపోయాయి, ఇప్పుడు పెన్ను కూడా చేతిలో నిలవడం లేదు. పోయిన నెల డాక్టరు ఒక్కటే మాట చెప్పాడు. జనవరి పదో తారీఖున చూస్తాను, మనిషి చిక్కకుండా ఉంటే మరో విడత మందులు ఇద్దాం, చిక్కితే ఆ ఒళ్ళు తట్టుకోలేదు, ఇచ్చి లాభం లేదు అని. ఆ రోజు నుంచీ చిట్టి ప్రాణమంతా ఆ మాట చుట్టూనే తిరుగుతోంది. మందుల షాపు ముందున్న తూకం మిషన్ ఎక్కమంటే అక్క ససేమిరా అంటుంది. రోజూ చూసే మనిషి చిక్కిందో లేదో కళ్ళకు తెలియదు. పైగా అక్క ఒంటి మీద ఎప్పుడూ రెండు స్వెట్టర్లు.

ఆ మధ్యాహ్నం చిట్టి అక్క చేత స్వెట్టర్లు రెండూ విప్పించింది. చేతుల కింద నుంచి టేపు తిప్పి అంకె చూసింది.

"ముప్ఫై నాలుగు," అని అలవాటుగా పైకి చెప్పింది. పెన్ను అందుకుని ముప్ఫై నాలుగు అనే రాసింది. పై వరుసలో పోయిన ఏటి అంకె ఉంది. అదీ ముప్ఫై నాలుగే.

చిట్టికి పోయిన ప్రాణం లేచొచ్చింది. "అక్కా, అంగుళం కూడా తగ్గలేదు నువ్వు. నేను అనవసరంగా ఎంత ఏడ్చానో."

అక్క నోటుబుక్కులోకి చూసింది, తర్వాత చిట్టి మొహంలోకి చూసింది. "తగ్గలేదా? మంచిదేగా," అంది.

"నీకు కోటు కుడతాను. మందులకు వెళ్ళి వచ్చేటప్పుడు వెచ్చగా ఉంటుంది. పెట్టెలో ఆ బూడిద రంగు గుడ్డ ఉంది చూడు..."

"ఆకుపచ్చది తియ్యి."

ఆ ముదురు ఆకుపచ్చ గుడ్డ చిట్టి ముచ్చటపడి కొనుక్కుని, కత్తెర వెయ్యడానికి మనసొప్పక ఆరేళ్ళుగా దాచుకున్నది. "నువ్వు బూడిద రంగు తప్ప ఇంకోటి ఒంటి మీద వెయ్యవు కదక్కా."

"ఈ ఏడు వేసుకోవాలనిపించింది. ఇవ్వవా ఏం?"

ఇవ్వకపోవడమేంటి, అడిగితే మిషన్ కూడా ఇచ్చేసేది. ఆ ఊపులో చిట్టి తన పేజీలో పన్నెండు నెలలూ నింపేసింది. ఎడమ పేజీకి వచ్చేసరికి అక్క ఒక్క ముక్కే చెప్పింది. "మీ బావ మేజోళ్ళు. నువ్వే అల్లు, నేను పక్కన కూర్చుని చెబుతా."

"మార్చిలో? శాలువా రాయనా?"

"నీ ఇష్టం, రాసుకో."

చిట్టి శాలువా రాసింది, టోపీలు రాసింది, సెప్టెంబరుకు దుప్పటి కూడా రాసింది. మర్నాడే బల్ల మీద కొలబద్ద పెట్టి గుడ్డ కత్తిరించింది. గిరాకీ పనులన్నీ పక్కన పడేసి, కూనిరాగాలు తీస్తూ నాలుగు రోజులు ఆ కోటు మీదే కూర్చుంది. మేడ మీదకి ఆ రాగం వినిపించి బావ కిందికి వచ్చి తొంగి చూసి, మళ్ళీ పైకి వెళ్ళాడు.

కొత్త ఏడాది మొదటి ఆదివారం పొద్దున్నే ట్రయల్. అక్క ఒంటి మీద కోటు కొక్కేనికి తగిలించినట్టు వేలాడింది. చిట్టి రెండు పక్కలా గుడ్డ పట్టి చూసింది. పక్కకో అంగుళం. ముప్ఫై ఏళ్ళ పనిలో ఆమె కత్తెర అంత తప్పు చెయ్యలేదు. కోటును బల్ల మీద పరిచి కొలబద్దతో చూస్తే రాసుకున్న లెక్కకు సరిగ్గానే ఉంది. కొక్కేనికి ఉన్న కొత్త టేపు లాగి అక్క చుట్టూ తిప్పింది.

ముప్ఫై రెండు.

అమ్మ టేపు, తన చేతిలో పెన్ను, అన్నీ ఒక్కసారిగా కళ్ళ ముందుకొచ్చాయి. "రెండు తియ్యలేదు నేను," అంది. "నీకు తెలుసా?"

"నువ్వు రాస్తున్నప్పుడే చూశా."

"మరి చెప్పవేం?"

"ఎలా చెప్పమంటావే? ఎనిమిది నెలలైంది నువ్వు నవ్వి. నాలుగు రోజులు పాటలు పాడుకుంటూ కుట్టావు. నేను మేడ మీద పడుకుని విన్నా."

చిట్టికి ముందు కోపం వచ్చింది, అక్క మీదో, టేపు మీదో, తన మీదో తెలియని కోపం. దాని వెనకే ఏడుపు వచ్చింది. ఇక పదో తారీఖున డాక్టరు చెప్పేదేమీ లేదు, ఆ మాట తన చేతిలోని టేపే చెప్పేసింది. రాసుకున్న పన్నెండు నెలలూ ఉత్త అక్షరాలే. సెప్టెంబరుకు దుప్పటి అని రాసుకున్న తన తెలివి తలుచుకుంటే సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోయింది. ఏం చెయ్యాలో తోచక, చేతికి అలవాటైన పనే చెయ్యబోయింది. బ్లేడు తీసింది.

"పక్క కుట్లు విప్పి లోపలికి పట్టేస్తాను. గంట పని."

"విప్పకు."

"ఇలా వేలాడుతుంటే ఎలా వేసుకుంటావక్కా?"

అక్క మెల్లగా కోటు విప్పింది. ఎదురుగా వచ్చి, చిన్నప్పుడు బడికి తయారు చేసినట్టు, చిట్టి చేతులు ఒక్కొక్కటే పట్టుకుని అందులో దూర్చింది. మొద్దుబారిన వేళ్ళతో కాలరు సవరించింది. "తిరుగు," అంది. చిట్టి తిరిగింది. నిలువుటద్దంలో ఆకుపచ్చ కోటు ఎక్కడా ఒక్క ముడత లేకుండా ఒంటికి అతికినట్టు ఉంది. చిట్టి కొలత ముప్ఫై నాలుగు. ఈ సంగతి నోటుబుక్కు చూడకుండానే ఇద్దరికీ తెలుసు.

"నీకోసం ఒక్కటీ కుట్టుకోవు కదా, అందుకని," అంది అక్క.

చిట్టి కోటు విప్పి అవతల పారేద్దామనుకుంది. కానీ దాన్ని ఒంటి మీద ఉంచుకునే నేల మీద కూలబడి, అక్క మోకాళ్ళు పట్టుకుని ఏడ్చింది. అక్క వారించలేదు. ఏడుపు కాస్త నెమ్మదించాక బుట్ట వైపు చూపించింది.

"సూదులు తియ్యి. మీ బావకు పదో తారీఖులోపు ఒక్క కాలిదైనా అవ్వాలి."