మరో అర లీటరు

అక్క కారు నడుపుతున్నప్పుడు నేను దారి చూడను. పక్క సీట్లో బెల్టులు బిగించుకుని కూర్చుని ఆయిల్ ప్రెషర్ ముల్లును చూస్తాను. ఈ ట్రాక్ మీద ఎన్ని మలుపులున్నాయో నా మెడకు తెలుసు, కళ్లకు తెలియదు. ఒక్కదాన్ని మాత్రం ముల్లును బట్టి గుర్తుపడతాను. కుడివైపు తిరిగే పొడవాటి మలుపు, ఎంతకీ తెమలదు. ఈ కారు ఇంజన్లు రెండు అక్కడే పోయాయి.

పోవడానికి కారణం చిన్నదే. ఇంజన్ అడుగున చాంబర్‌లో ఆయిల్ ఉంటుంది. ఒక గొట్టం దాన్ని పీల్చుకుని పైకి పంపుతుంది. వేగంగా కుడికి తిరిగితే, వంచిన గిన్నెలో నీళ్లలా, ఆయిలంతా ఎడమ గోడకు ఎగబాకుతుంది. గొట్టం నోటికి గాలి తప్ప ఏమీ దొరకదు. ఆ కాసేపట్లోనే బేరింగులు ఎండి అరిగిపోతాయి. మామూలు రోడ్డు మీద తిరిగే కారుకు ఈ బాధ లేదు. కానీ అక్కకు మామూలు రోడ్డు చాలదు. ఆమె పళ్ల డాక్టరు. వారమంతా ఎదుటివాళ్లను కదలొద్దని చెప్పి, సెలవు రోజున ఇక్కడికొస్తుంది.

రెండో ఇంజన్ పోయిన రోజు ఆమె నన్ను తిట్టలేదు. అందుకే భయం వేసింది.

"ఇంకొక్కసారి చూస్తానురా. మళ్లీ ముల్లు పడిందంటే బండి అమ్మేస్తా. నువ్వు నీ మెకానిక్ షెడ్డు చూసుకో, నేను నా క్లినిక్ చూసుకుంటా," అంది.

మేమిద్దరం కలిసేది ఈ కారు దగ్గరే. ఇంకెక్కడ కలిసినా టీ చల్లారేలోగా మాటలు అయిపోతాయి. ఇక్కడైతే పోట్లాడుకోవడానికి పగలంతా సరిపోదు. బండి అమ్మొద్దని నేను అనలేదు. అలాంటివి నోరు తెరిచి అనుకోగలిగే మనుషులమైతే మాకు బండితో పనేముంది?

చాంబర్ విప్పి లోపల ఇనుప పలకలు అడ్డంగా వెల్డింగ్ చేశాను. వాటికి చిన్న చిన్న తలుపులు పెట్టాను. అవి ఆయిల్‌ను గొట్టం వైపు రానిస్తాయి, వెనక్కి పోనివ్వవు. అంతా బిగించాక, మట్టం చూసే డిప్‌స్టిక్ మీది గీత వరకు ఆయిల్ పోసి, పైన ఇంకో అర లీటరు పోశాను. ట్రాక్ మీద ఆమాత్రం ఎక్కువుంటే మంచిదని పైకే అన్నాను. అక్కా బావా పక్కనే ఉండి విన్నారు.

ఈ పొద్దున మొదటి చుట్టులోనే ఆ మలుపులో ముల్లు పడింది. నేను డాష్‌బోర్డు మీద అరచేత్తో బాదాను. అక్క యాక్సిలరేటర్ వదిలేసి, మెల్లగా ట్రాక్ పక్కన మాకిచ్చిన షెడ్డు వరకు తెచ్చి ఇంజన్ ఆపింది. హెల్మెట్ తీయకుండా అలాగే కూర్చుంది.

బావ పరుగెత్తుకొచ్చాడు. "ఏమైంది?"

"పడింది."

"అంటే?"

"అంటే పడింది బావా. ఇంకెలా చెప్పాలి?"

అక్క హెల్మెట్ తీసింది. "నెల రోజులు వెల్డింగ్ చేశావు కదరా. చాంబర్‌కే చేశావా, ఎవరింటి కిటికీకైనా చేశావా?"

మనిషి ఓడిపోయినప్పుడు మనసు చేసే మొదటి పని, ఓటమికి ఇంకో సొంతదారును వెతకడం. నేను పలకల ఇనుమును తిట్టుకున్నాను, వెల్డింగ్ రాడ్లను తిట్టుకున్నాను. అలా తిట్టుకుంటుంటే ఒక సంగతి తట్టింది. మలుపు దాటి తిన్నగా వస్తున్నప్పుడు కూడా ముల్లు వణికింది. పలకల తప్పైతే మలుపులో పడి, బయటికి రాగానే లేవాలి.

కాసేపాగి డిప్‌స్టిక్ లాగాను. దాని నిండా సబ్బు నురగలాంటి బుడగలు. గీత ఎక్కడో అడుగున మునిగి ఉంది.

"ఇందులో ఆయిల్ ఎవరు పోశారు?"

బావ షట్టర్ వైపు చూశాడు. ఆయన స్కూల్లో లెక్కలు చెబుతాడు. పిల్లలు ఆయన ముందు ఇలాగే గోడ వైపు చూస్తారేమో.

"నేనే, కొంచెం," అన్నాడు.

"కొంచెమంటే?"

"ఒక అర లీటరు. రాత్రి ట్రక్కు మీదికి ఎక్కించేటప్పుడు. ఇప్పటికే రెండుసార్లయింది కదా, నడిపేది ఆవిడ..."

"ఆవిడ ఇక్కడే ఉంది," అంది అక్క.

"లెక్కల మాస్టారూ, మీకు గీత కనబడలేదా?" అన్నాను.

"గీత దాకా పోస్తే సరిపోయేదైతే రెండు ఇంజన్లు ఎందుకు పోయాయోయ్?"

నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. "బావా, ఆయిల్ మరీ పైకొస్తే లోపల తిరిగే క్రాంక్ షాఫ్టు దాన్ని చిలికేస్తుంది. అంతా నురగవుతుంది. నురగంటే సగం గాలే కదా. తక్కువైనా పైకెళ్లేది గాలే, ఎక్కువైనా గాలే."

"ముందే చెప్పొచ్చుగా ఆ ముక్క."

"ఆయిల్ పోయకండి అని చెప్పాలని నాకెలా తెలుస్తుంది?"

ఇంజన్ చల్లారాక కింద బోల్టు విప్పి, కొలతలున్న డబ్బాలోకి ఆయిల్ దింపాను. నేను పోసిన దానికి బావ అర లీటరు కలిపినా, డబ్బాలో మట్టం అక్కడ ఆగలేదు. తలెత్తి అక్క వైపు చూశాను.

"దారిలో పెట్రోల్ బంకు దగ్గర నేనూ ఓ అర లీటరు పోశాను. అయితే ఏంటి?" అంది.

"నాకో మాట చెప్పకుండానా?"

"నీకు చెప్పి, నువ్వు సరేనన్నాకే కదా రెండూ పోయాయి."

నాకు ఒళ్లు మండిపోయింది. ఒకరి పనిలో ఇంకొకరు వేలు పెట్టడం గురించి, నమ్మకం లేనివాళ్లు మెకానిక్‌ను ఎందుకు పెట్టుకుంటారన్న దాని గురించి చాలాసేపు మాట్లాడాను. బాగానే మాట్లాడాననుకుంటాను, ఇద్దరూ ఊరుకున్నారు. బావ మాత్రం వంగి డబ్బా మీది కొలత చదువుతున్నాడు.

"నాది తీసేశాను. మీ అక్కది తీసేశాను. గీత వరకు పట్టేదీ, నువ్వు పైన పోశానన్నదీ తీసేశాను," అన్నాడు. "ఇంకా అర లీటరు మిగిలింది మరి."

బయట ఎవరిదో కారు గేరు మార్చుకుంటూ పోయింది. పొద్దున వాళ్లిద్దరూ సంతకాలు పెట్టడానికి ట్రాక్ ఆఫీసు వైపు వెళ్లినప్పుడు, బానెట్ ఎత్తి ఆయిల్ డబ్బా వంచింది నేనే. పొరపాటున కాదు. లెక్క తెలిసే, ఆ మలుపును తలచుకుని పోశాను. ఆ తర్వాత ఎంత పోశానో మళ్లీ తలచుకోలేదు. తలచుకుంటే ఎందుకు పోశానన్నదీ తలచుకోవాలి.

"అది నేనే పోశాను."

అక్క తిడుతుందనుకున్నాను. ఆమె నన్ను, నోరు తెరిచిన పేషెంటును చూసినట్టు చూసింది.

"అంటే నీ పలకల మీద నీకే నమ్మకం లేదన్న మాట."

ఇంతసేపూ వాళ్ల మీద ఎక్కి కూర్చున్న కోపం దిగి వచ్చి, ఎక్కడ కూర్చోవాలో తెలియక నా చుట్టూ తిరిగింది.

పాత ఆయిల్ ఫిల్టర్ కోసి, దాని మడతలు విప్పి ఎండలో పట్టి చూశాను. అరిగి రాలిన లోహపు మెరుపు ఎక్కడా లేదు. బేరింగులు బతికే ఉన్నాయి. కొత్త ఫిల్టర్ బిగించి, కొత్త ఆయిల్ కొలిచి పోశాను. ముగ్గురం వంగి డిప్‌స్టిక్ చూశాం.

"చాలా?" అంది అక్క.

"చాలు."

"ఈ ఇంజన్ పోతే ఇంకోటి కట్టించను. చాలా?"

"చాలక్కా."

"మిగిలిన ఆ ఆయిల్ డబ్బా తీసుకెళ్లి ఆ స్తంభం దగ్గర నిలబడండి," అంది బావతో. "మీ ఇద్దరినీ నమ్మను."

"మరి నిన్నెవరు కాపలా కాస్తారు?" అని గొణుక్కుంటూనే ఆయన వెళ్లాడు.

మొదటి చుట్టు నెమ్మదిగా తిరిగాం. రెండో చుట్టులో ఆమె వేగం పెంచింది. మలుపు మొదలవగానే మెడ ఎడమకు లాగేసింది. ముల్లు కొద్దిగా దిగింది. ఇంకా దిగుతుందని ఎదురుచూశాను. ఆ ఎదురుచూడటంలో ఏదో ఆత్రం కూడా ఉంది, పడితే ఈ బాధ అయిపోతుందని. అది దిగలేదు. మలుపు అయ్యేదాకా అక్కడే నిలబడి, తర్వాత మెల్లగా పైకి లేచింది. అక్క నా వైపు చూడలేదు. తర్వాతి చుట్టులో ఇంకా గట్టిగా తిప్పింది. అప్పుడూ అంతే. సమయం అయిపోయిందని జెండా ఊపేదాకా తిరుగుతూనే ఉంది.

షెడ్డు ముందు ఆపి హెల్మెట్ తీసింది. జుట్టు నుదుటికి అతుక్కుని ఉంది. బావ డబ్బా పట్టుకునే పరుగెత్తుకొచ్చాడు.

పలకల గురించి ఒక్క మాట అంటుందని చూశాను. ఆమె చేతి గ్లవ్స్ విప్పుకుంటూ, "బ్రేకు తొక్కితే స్పాంజి తొక్కినట్టుందిరా. వచ్చేసారి లోగా చూడు. ఇలా అయితే నేను నడపలేను," అంది.

"బ్రేకులకేం తక్కువైంది?" అన్నాను. గొంతు అప్పుడే లేచింది. "తొక్కడం తెలియాలి ముందు."